ఎర్రనీళ్ళ బావి

మా ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా నాన్న ముందు వాళ్ళ చెప్పులు చూసేవాడు. చెప్పులకంటిన మట్టి ఎర్రదా, నల్లదా, సున్నపురాయి పొడా అని చూసి, ఆ మనిషి చెప్పిన ఊరికీ ఆ మట్టికీ పొంతన కుదిరాకే మంచం వాల్చమనేవాడు. గురజాల కోర్టులో మాకొక గట్టు తగాదా ఉండేది. ఆ తగాదా వల్ల ఆయనకు అనుమానం పట్టుకుందో, ఆయన అనుమానం వల్లే తగాదా వచ్చిందో మా అమ్మకు కూడా తెలియదు. నేను పుట్టేటప్పటికే రెండూ ఇంట్లో ఉన్నాయి.

ఆ గుణం నాకూ అబ్బింది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీడికి నాతో ఏం పని పడిందా అనుకునేవాణ్ణి. గుంటూరులో ఇంటరు చదివేటప్పుడు హాస్టల్లో నా పెట్టెకు రెండు తాళాలు ఉండేవి. అందులో నాలుగు చొక్కాలూ, ఒక ఆవకాయ జాడీ తప్ప ఏమీ లేవు. అనుమానించేవాడు తెలివైనవాడని నా గట్టి నమ్మకం. ఈ బుద్ధికి లా చదివిస్తే తిరుగుండదని మా నాన్న నమ్మకం.

నాకేమో వైద్యం చదవాలని ఉండేది. జనానికి సేవ చేద్దామని మాత్రం కాదు, అబద్ధం చెప్పను. సత్తెనపల్లిలో ఒక డాక్టరు గారు వీధిలో నడిచొస్తుంటే కచేరీ గుమాస్తాలు కూడా లేచి నిలబడటం చిన్నప్పుడు చూశాను. మా నాన్న వస్తుంటే వాళ్ళు తల దించుకుని కాగితాల్లో దూరేవాళ్ళు. అంతకు మించి కారణం లేదు.

మార్కులు మాత్రం అంతంత మాత్రం. సీటుకు మద్రాసులో ఇంటర్వ్యూ ఉంటుంది. ఎక్కడైనా సేవ చేసినట్టు ఒక పెద్దమనిషి చేత ఉత్తరం రాయించుకుపోతే పనవుతుందని మా సైన్సు లెక్చరర్ చెవిలో వేశాడు. యుద్ధం అయిపోయిన మరుసటి వేసవి అది. కృష్ణకు రెండు వైపులా కలరా ఉంది. మాచర్ల వైపు ఊళ్ళలోనూ ఉంది కదా, ఇక్కడే చేస్తానన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"మన ఊళ్ళో చేస్తే ఎవడికి కావాలయ్యా? పరాయి దేశం పోయి చేసొచ్చానంటే ఆ మాటకు బరువుంటది."

పరాయి దేశమంటే ఏటి అవతలే. నిజాం సంస్థానాన్ని మావాళ్ళు మొగలాయి అనేవాళ్ళు. మా వైపు ఒడ్డున నిలబడి గట్టిగా కేకేస్తే అవతలి ఒడ్డున గొర్రెలు కాసేవాడు తిరిగి చూసేవాడు. అయినా అది వేరే దేశమే. నాణెం వేరు, పోలీసు టోపీ వేరు, కోర్టులో భాష వేరు, ఏరు దాటగానే సుంకం నాకా. ఒక ఎల్.ఎం.పి. డాక్టరు గారు కలరా ఊళ్ళలో బావులకు మందు కలపడానికి విద్యార్థి వాలంటీర్లను పోగుచేస్తున్నాడని తెలిసి పేరిచ్చాను.

మా నాన్నకు చెబితే నా చెప్పుల వంక చూశాడు.

"పరాయి దేశం పోయి బాయిల్లో మందేస్తావా? ఎవురు పంపుతున్నారు నిన్ను?"

"ఎవరూ లేదు నాన్నా. నేనే పోతున్నా."

"సంఘమోళ్ళా?"

"కాదు."

"మరి నీకేంది లాభం?"

ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన ముఖం తేటపడింది. "ఆ, అదట్టా చెప్పు," అన్నాడు. "ఊరికే సేవ అంటే నేనేదో అనుకున్నా." లాభం లేకుండా కదిలే మనిషంటే ఆయనకు భయం. నాకు లాభముందని తేలాక నిశ్చింతగా భోజనానికి లేచాడు. ఉత్తరం తెచ్చుకుంటే తెచ్చుకో, సీటు రాకపోతే మాత్రం నోరెత్తకుండా లాలో చేరాలని చేయి కడుక్కుంటూ షరతు పెట్టాడు.

మాచర్ల దాకా రైల్లో, అక్కణ్ణించి రేవు దాకా బండిలో, రేవు దాటడం పుట్టిలో. డాక్టరు గారూ, నేనూ, ఇంకో ముగ్గురు విద్యార్థులూ. అవతలి నాకాలో సుంకం అధికారి మా పెట్టె తెరిపించాడు. లోపల సీసాల నిండా ముదురు వంగపండు రంగు పలుకులు. పర్మాంగనేటు. ఆయన ఒక పలుకు తీసి గాజు గ్లాసు నీళ్ళలో వేయించాడు. నీళ్ళు నిమిషంలో ఎర్రబడ్డాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది ఊరి బాయిల పోస్తరా?"

పోస్తామని డాక్టరు గారు చెప్పాడు. ముందు నువ్వు తాగమన్నాడు అధికారి. ఇంకాసిని నీళ్ళు కలిపి డాక్టరు గారు తాగాడు. అధికారి మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరు గారికి ఏమైనా అవుతుందేమోనని ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ కాకపోయేసరికి కాస్త నిరాశగానే ముద్ర గుద్దాడు. పుట్టెడు నవ్వు ఆపుకుని బయటపడ్డాం. ఈ మనుషులకు ఎంత అనుమానమో అని డాక్టరు గారన్నాడు. నాకు మాత్రం ఆ అధికారి మీద గౌరవం కలిగింది.

చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు మాకు అప్పగించారు. ఊరికొకరం. నాకొచ్చిన ఊరు నల్లరాతి గోడల ఊరు. నడిమధ్యలో ఒక చేదబావి. ఊరి వెనక వాగు, వేసవి కాబట్టి ఎండిపోయి ఇసక తేలి ఉంది. రోజూ పొద్దున్నే బావికి మందు కలపాలి, ఆ నీళ్ళే జనం తోడుకునేలా చూడాలి, ఎన్ని కడవలు తోడారో పుస్తకంలో రాయాలి. పదిరోజులు. డాక్టరు గారు రెండురోజులకోసారి గుర్రం మీద వచ్చి పుస్తకం చూసి పోతాడు.

బావికి ఎదురింట్లో ఒక ముసలామె ఉండేది. ఊరంతా ఆమెను అవ్వ అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. ఆమె కొడుకు బండలు కొట్టడానికి దూరం పోయాడు. ఇంట్లో అవ్వా, కోడలూ. కోడలికి నా వయసే ఉంటుంది. వాళ్ళ అరుగు మీద నా మకాం.

మొదటిరోజు మందు కలిపి బాల్చీతో నాలుగుసార్లు కిందికీ పైకీ ఆడించాను. నీళ్ళు లేత ఎరుపుకు తిరిగాయి. ఆడవాళ్ళు కడవలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఊళ్ళో శిస్తు వసూలు చేసే మాలీపటేలు వచ్చి, సర్కారు మనిషివా అని అడిగాడు. కాదన్నాను. మరి సంఘం మనిషివా అన్నాడు. కాదన్నాను. రెండూ కాని మనిషి ఏరు దాటి ఎందుకు వస్తాడో ఆయనకు అంతుబట్టలేదు. నా ముఖాన్ని ఎగాదిగా చూసి పోయాడు.

అప్పుడు అవ్వ అరుగు దిగి వచ్చింది.

"నువ్వు తాగు బిడ్డా, చూస్తం."

చెంబు నిండా తోడుకుని గటగటా తాగాను. తుప్పుపట్టిన మేకు నాకినట్టుంది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఇవి ఇట్లా కలపకపోతే నీళ్ళలో పురుగు చావదనీ, ఆ పురుగే రోగమనీ, నాకొచ్చిన తెలుగంతా వాడి చెప్పాను. అవ్వ అంతా విని కోడలి వైపు చూసింది. కోడలు కొంగు నడుముకు చుట్టి, బాల్చీ బావిలోకి వదిలి, కడవ నింపుకుంది. ఆమె వెనక మిగతావాళ్ళు. ఆ పూట పుస్తకంలో నలభై దాకా గీతలు గీశాను. నా మాటకు ఊరు ఊరంతా కదిలిందని నా ఛాతీ ఉబ్బింది.

ఆ తర్వాత అన్ని రోజులూ అంతే. తెల్లారగానే మొదటి కడవ అవ్వ కోడలిది. తోడి, నెత్తినెత్తుకుని, నేను గీత గీశానా లేదా అని ఒకసారి ఓరగా చూసి లోపలికి పోయేది. గీయడం మరిచిపోతే ఆగి గుర్తుచేసేది. "రాసుకున్నవా అన్నా?" అనేది. నా పని మీద ఎంత శ్రద్ధో అని ముచ్చటపడేవాణ్ణి.

నా అనుమానబుద్ధి మాత్రం ఊరుకోలేదు. మూడో రోజుకే ఒకటి కనిపెట్టాను. నేను అన్నం తినే వేళకు, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆడవాళ్ళు వాగు వైపు పోతున్నారు. నెత్తిన పెద్ద గంపలు, గంపల మీద విడిచిన బట్టలు. ఉతకడానికని అనుకోవచ్చు. కానీ అంత ఎండలో ఎవరు ఉతుకుతారు? పైగా రోజూ అవే బట్టలు. నీలం గళ్ళ చీర ఒకటి వరసగా నాలుగు రోజులు పోయింది, వచ్చింది, ఒక్కసారీ తడిసినట్టు లేదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ మెడలు బిగుసుకుని ఉండేవి. గంపల్లో బరువేదో ఉంది. నన్ను చూస్తే మాటలు ఆపేసి దారి తప్పుకుని పోయేవాళ్ళు.

ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. ఆ రోజుల్లో అవతలి ఊళ్ళలో సంఘం రగులుకుంటోంది. దేశముఖులకు ఎదురుతిరిగినవాళ్ళు చెట్లలో, వాగుల్లో దాగుతున్నారని మా వైపు కూడా చెప్పుకునేవాళ్ళు. వాగు పొదల్లో ఎవరో ఉన్నారు, వీళ్ళు బట్టల కింద అన్నం ముంతలు మోస్తున్నారు, కాగితాలు తెస్తున్నారు. మాలీపటేలు పసిగట్టలేనిది నేను పసిగట్టాను. పెద్దమనిషి తరహాగా గుట్టు దాచాలని తీర్మానించుకున్నాను. వాళ్ళు వాగు వైపు కదలగానే పుస్తకం అడ్డం పెట్టుకుని మరో వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. నా మంచితనానికి నాకే కళ్ళు చెమర్చేవి.

అవ్వ ఇంటి గోడ వెనక ఒక బీరపాదు ఉండేది. ఊరంతా ఎండకు మాడిపోతుంటే అది పచ్చగా, తడిమన్నుతో, అరచెయ్యంత ఆకులు వేసి గోడెక్కింది. నీ చేతి చలవ అవ్వా అని మెచ్చుకున్నాను. కోడలు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదో రోజున ఊళ్ళో ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదో రోజున ఇంకొకరికి. మందు వేయకముందే ఒంట్లో చేరిన రోగం ఇప్పుడు బయటపడిందని డాక్టరు గారు తేల్చాడు. ఇద్దరూ తేరుకుంటున్నట్టే కనిపించారు. పదో రోజు గడిచాక మేము బయల్దేరాం. మాచర్ల స్టేషన్లో డాక్టరు గారు నాకు ఉత్తరం రాసిచ్చాడు. పరాయి సంస్థానంలో ప్రాణాలకు తెగించి, ఒక గ్రామం మొత్తానికి శుద్ధమైన నీరు తాగించి, వ్యాధిని అరికట్టిన యువకుడని అందులో ఉంది. రైల్లో దాన్ని ఏడుసార్లు చదివాను.

ఇంటి గుమ్మంలో అమ్మ ఆగమంది. పరాయి దేశం, రోగాల ఊరు, ఎన్ని కళ్ళు పడ్డాయోనని పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపూ సున్నమూ కలిపింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. నా చుట్టూ మూడుసార్లు తిప్పి, నా దిష్టంతా ఆ నీళ్ళలోకి దించి, వీధి మలుపులో పారబోసి, కాళ్ళు కడుక్కుని వచ్చింది. ఆ సమయానికే ఎదురింటి పిన్ని నీళ్ళ బిందెతో వస్తోంది. ఆ ఎర్రటి తడి చూసి గోడవారగా ఒదిగి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, దూరంగా తిరిగి పోయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

భోజనం దగ్గర నాన్న ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు మూలలూ చూశాడు. సంతకం కింద వేలితో రుద్దాడు.

"ఊరంతా ఆ బాయి నీళ్ళే తాగారా?"

"తాగారు."

"చూశావా?"

"చూశాను నాన్నా. కడవకో గీత గీశాను. పుస్తకంలో ఉంది."

"తోడటం చూశావు. తాగటం చూశావా?"

నా చేతిలో ముద్ద ఆగింది.

"తోడుకుని ఇంట్లోకి తీసుకుపోతే తాగక ఏం చేస్తారు?"

"నన్నడుగుతావేందిరా. ఇంట్లోకి పోయాక ఎవురన్నా తాగుతుంటే నువ్వు కళ్ళారా చూశావా, లేదా? అదొక్కటి చెప్పు."

గురజాల కోర్టులో ప్లీడర్లు సాక్షుల్ని ఎట్లా నిలదీస్తారో ఏళ్ళ తరబడి చూసినవాడు. అడ్డంగా దొరికిపోయాను. చూడలేదు. పదిరోజుల్లో ఆ బావి నీళ్ళు తాగిన మనిషిని నన్ను తప్ప ఒక్కరిని కూడా చూడలేదు. వీధి మలుపులో ఎర్రటి తడి గుర్తొచ్చింది. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్న పిన్ని గుర్తొచ్చింది. మా అమ్మే అయినా ఆ రంగు నీళ్ళు కడవలో పోసుకుంటుందా? తాగడం మాట అటుంచి, దాటనైనా దాటదు. ఎండలో గంపలూ, తడవని నీలం గళ్ళ చీరా, బరువుకు బిగుసుకున్న మెడలూ, వేసవిలో పచ్చగా ఉన్న బీరపాదూ అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. వాగు పొదల్లో ఎవరూ దాక్కోలేదు. ఇసకలో తవ్విన చెలమల్లో నీళ్ళు ఉన్నాయి, గంపల్లో బట్టల కింద వచ్చినవి ఆ నీళ్ళ కడవలే. రోగుల బట్టలు ఉతికేది కూడా ఆ వాగులోనే.

ముద్ద కంచంలో పెట్టేశాను.

"పోయి చూసిరా," అన్నాడు నాన్న. "చూడకుండా ఆ కాయితం యాడా చూపించమాక."

మళ్ళీ ఏరు దాటాను. నాకాలో అదే అధికారి. మందు పెట్టె లేకుండా ఒక్కణ్ణే వచ్చానని ఈసారి అనుమానం ఎక్కువైంది. ఏం పని అన్నాడు. ఊళ్ళో వాళ్ళను ఒక మాట అడగాలి అన్నాను. అంత చిన్న పనికి ఎవడూ ఏరు దాటడని నా చొక్కా మడతలు కూడా విప్పించాడు.

అవ్వ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వడం ఏటికి అటూ ఇటూ ఒకటే. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున సన్నటి ఇసక. ఎండన పడి వచ్చాను, నాలుక పిడచకట్టుకుపోయింది. చెంబు పట్టుకుని నిలబడ్డాను. నోటిదాకా తీసుకుపోలేకపోయాను.

"దాహంగా లేదవ్వా."

అవ్వ చెంబు వంకా నా వంకా చూసింది. "మా నీళ్ళ మీద నీకు నమ్మకం లేదు. నీ నీళ్ళ మీద మాకు లేకుండె. అంతే గదా బిడ్డా," అంది. గొంతులో కోపం లేదు.

"మరి రోజూ ఎందుకు తోడారు? నాకు ముందే చెప్పొచ్చు కదా."

"నువ్వు ఏరు దాటి వస్తివి. మా కోసమని చేదు నీళ్ళు తాగి చూపిస్తివి. నీ మొకం చూసి వద్దని ఎట్లంటం? అతిథి తెచ్చింది తోసేస్తే నొచ్చుకుంటవని తోడినం. అవి దిష్టినీళ్ళ తీరు ఉండె. పిల్లలకెట్ల పోస్తం? పాదుకు పోసినం."

"నాకొక్క మాట చెప్తే..."

"నువ్వడిగినవా?"

అడగలేదు. పదిరోజులు ఆ అరుగు మీద పడుకుని, అందరినీ అనుమానించి, ఒక్కరినీ ఒక్క మాట అడగలేదు. నా మీద నాకు రోత పుట్టింది. మాట మార్చాలని, కోడలేదవ్వా అన్నాను.

అవ్వ బావి వైపు చూసింది.

"పోయింది. నువ్వు పోయిన మూడోనాడే పట్టుకున్నది. పొద్దున పట్టి, పొద్దు గుంకేసరికి పోయింది."

చెంబు అరుగు మీద పెట్టి కూర్చుండిపోయాను. మందు వేయకపోతే వాళ్ళు ఆ బావి నీళ్ళే తాగేవాళ్ళు. ఆ బావిలో రోగం ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు, అనుమానంతోనే మందు వేశాం. వాగులో మాత్రం కచ్చితంగా ఉంది. తాగే నీళ్ళు మానిపించి రోగపు నీళ్ళ దగ్గరికి నేనే తరిమాను. అదంతా అవ్వకు చెప్పానో లేదో జ్ఞాపకం లేదు. ఏడ్చానని మాత్రం జ్ఞాపకం ఉంది. ఆమె ఏడవలేదు. నన్ను ఓదార్చనూ లేదు.

ఆ పూట మొదటిసారి అడిగాను. రంగు లేకుండా, వాసన లేకుండా నీళ్ళు బాగుచేసే దారి మీకేదైనా తెలుసా అని. బాలింతకు కాగబెట్టిన నీళ్ళే ఇస్తం అంది అవ్వ. ఊరంతా కొన్నాళ్ళు బాలింతలనుకోండి అన్నాను. ఆ మాట ఆమెకు సబబుగా తోచింది. సాయంత్రానికి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నేను వెనక నడిచాను, నోరు విప్పలేదు. నాలుగు రోజులున్నాను. నీళ్ళు కాగడమూ చూశాను, చల్లారాక తాగడమూ చూశాను. అవ్వ ఇచ్చిన కాగిన నీళ్ళు నేనూ తాగాను.

తిరిగొచ్చి డాక్టరు గారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఉత్తరంలో ఆ ఊరి సంగతి మార్చి రాయమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి."

"నా మీద పితూరీ పెట్టడానికి ఎవరో ఎక్కించి పంపారు. ఆ ఉత్తరం ఇటియ్యి."

ఇచ్చాను. మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ ఉత్తరంతో పాటే నా వైద్యం సీటూ ఆ సొరుగులో ఉండిపోయింది. మద్రాసులో ఇంటర్వ్యూ బల్ల ముందు నా మార్కులు తప్ప చూపించడానికేమీ లేదు. వాళ్ళు వాటిని చూసి వెళ్ళిరమ్మన్నారు.

ఇక లా అనుకున్నాడు నాన్న. షరతు ప్రకారం నోరెత్తకూడదు. ఎత్తాను. కెమిస్ట్రీలో చేరతానని, ఆ తర్వాత నీటి పరీక్షల చదువు చదువుతానని చెప్పాను.

"అదేం చదువురా? దానితో ఏమవుతావు?"

"ఏ బావిలో ఏముందో తెలుస్తుంది నాన్నా. అంతకు మించి నాకూ తెలియదు."

"దానివల్ల నీకేంది లాభం?"

ఈసారి లాభమేమీ లేదని ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు నన్ను అనుమానంగా చూశాడు. నెల రోజుల దాకా ఎవరో నాకు మందు పెట్టారని అమ్మతో అంటూనే ఉన్నాడు. అయినా ట్రంకు పెట్టె కొనిపెట్టాడు. తాగటం చూశావా అని ఆ రోజు ఆయన అడక్కపోతే నేను ఈ చదువు చదివేవాణ్ణి కాను. ఆ మాట ఆయన ఉండగా ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

గుంటూరులో కెమిస్ట్రీ అయింది. ఆపైన మద్రాసులో ప్రజారోగ్యం చదువుకు సీటు దొరికింది. అక్కడి చివరి సంవత్సరం ప్రతి విద్యార్థీ ఒక ఊరు ఎంచుకుని, అక్కడి నీళ్ళ మీద, రోగాల మీద రిపోర్టు రాయాలి. ఏ ఊరో నేను ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. అప్పటికి అవతలి ఒడ్డు పరాయి దేశం కాదు. నిజాం పోయాడు. నాకా ఖాళీగా ఉంది, అధికారి బల్ల మీద మేకలు నిలబడి ఉన్నాయి. ఎవరూ పెట్టె తెరవమనలేదు. ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

ఊళ్ళో చాలా ఇళ్ళు కూలి ఉన్నాయి. మధ్యలో ఆ ఊరి మీదుగా ఏమేం పోయాయో ఎవరూ చెప్పలేదు. కొత్త మనిషి కనపడగానే తలుపులు మునుపటి కంటే త్వరగా మూసుకుంటున్నాయి. అవ్వ ఉంది. ఇంకా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టింది. కాగిన నీళ్ళే ఇచ్చింది, తాగాను.

బావి నీళ్ళు సీసాకు పట్టాను. చెలమ నీళ్ళు ఇంకో సీసాకు పట్టాను. తర్వాత రిపోర్టు ఫారాలు విప్పి అరుగు మీద కూర్చున్నాను. ఆ వేసవి కలరాకు పోయినవాళ్ళ వివరాలు ఇంటింటికీ రాయాలి. వయసు, ఎప్పుడు పట్టింది, ఎన్ని గంటలకు పోయింది, ఏ నీళ్ళు తాగేది. అవ్వ అన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పింది. మొదటి గడి మాత్రం చివరికి మిగిలింది. వంచిన తల ఎత్తకుండా అడిగాను.

"కోడలి పేరేంటవ్వా?"

తలెత్తాను. అవ్వ నా కలం వైపు చూస్తోంది.

"పేరెందుకు?"

"ఇందులో రాయాలవ్వా. చదువు కోసం."

"పది దినాలు పొద్దుగాల్నే అది నీ ముంగట నీళ్ళు చేదింది. రాసుకున్నవా అన్నా అని అడిగింది. నువ్వు గీత గీసినవ్. అది బతికున్నప్పుడు పేరడగలె." ఆమె నా కలం ముందు అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు చెప్ప బిడ్డా. ఇయ్య నీకు."

కలం మూసి జేబులో పెట్టుకున్నాను. ఊళ్ళో ఇంకెవరిని అడిగినా చెప్పేవాళ్ళేమో. అడగలేదు.

ఆ గడి ఖాళీగానే వదిలి రిపోర్టు ఇచ్చాను. మా ప్రొఫెసరు దాని పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. మిగతాదంతా బాగుందని, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు.